ఏడో పాయింటు

తెల్లారేసరికి షాహనా రిజర్వాయరు గట్టు మీద ఉండాలి. లేకపోతే ఆమెకు కాళ్లు గుంజుతాయి. ఇల్లు మైదుకూరులో, అక్కడినుంచి బండి మీద ముప్పావు గంట దారి. జాలరి ఆనందం పుట్టి తిప్పుకుంటూ వలతో ఒడ్డుకు వచ్చేలోపల ఆమె తొట్టిలో నీళ్లు నింపి, నాలుగు చుక్కలు లవంగ నూనె కలిపి, కొలత పలక తడిపి, కాటా కొక్కేనికి తగిలించి, అన్నీ ఒకసారి తీసి మళ్లీ సర్ది, ఇంకేమీ మిగలక గట్టు మీద ఇటూ అటూ తిరుగుతూ ఉండేది.

"కూచో పాపా. నువ్వట్ల తిరిగితే చేపలు భయపడతాయి" అనేవాడు ఆనందం.

కూచునేది. మళ్లీ లేచేది.

వలలోంచి తీసిన చేపను తొట్టిలో వేస్తే లవంగ నూనెకు మత్తెక్కి మెల్లగా పక్కకు ఒరుగుతుంది. ముందు జాతి రాయాలి. రోహునా, బొచ్చెనా, మోసునా అన్నది షాహనా ఆమడ దూరం నుంచే చెప్పగలదు. అయినా ఈ చేపల ప్రాజెక్టు నడిపే యామిని మేడం నియమం ప్రకారం పక్కగీత వెంబడి పొలుసులు లెక్కపెట్టాల్సిందే. రోహుకైతే నలభైకి అటూ ఇటూ ఉంటాయి. తర్వాత పొడవు, బరువు. వీపు రెక్క కింద రెండు పొలుసులు పటకారుతో తీసి కాగితం కవరులో వేయాలి. ఆ పొలుసుల మీది వలయాలను బట్టి కడపలో కూచుని మేడం చేప వయసు కడుతుంది. ఆఖరున టాగు. చిన్న తుపాకీలాంటి దానితో వీపు రెక్క మొదట్లో పసుపుపచ్చ దారం గుచ్చితే, దాని మీద ఒక అంకె, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. మత్తు దిగిన చేప నీళ్లలోకి జారిపోతుంది.

కడప ఆఫీసులో ల్యాండ్‌లైను పనిచేయక మూడేళ్లయింది. అందుకని దారాల మీద వేయించింది షాహనా నంబరే. ఆరు వందల చేపలు ఆమె నంబరు మోసుకుని తిరుగుతున్నాయి. సంతలో దొరికినా, కాలువలో దొరికినా జనం ఫోన్ చేసేవాళ్లు. "అమ్మా, మీ చేప మా దగ్గరుండాది" అనేవాళ్లు, తప్పిపోయిన దూడ సంగతి చెప్పినట్టు. ఆమె బండి తీసేది.

ఇక రోహిణి కార్తె పెట్టిందంటే బావుల దగ్గరినుంచీ, బోర్ల దగ్గరినుంచీ కూడా ఫోన్లు వచ్చేవి. ఆ కార్తెలో చేపలు భూమి కింద తిరుగుతాయని ఆ పక్క అందరికీ తెలుసు. పైన నీళ్లు కాగిపోతే అవి కిందికి దిగి చల్లటి చోటు వెతుక్కుంటూ పోతాయి, కరువొస్తే మనుషులు మూట కట్టుకుని బెంగళూరు బస్సెక్కినట్టే. మేడం అచ్చు వేయించిన ఫారంలో కూడా 'దొరికిన చోటు' అన్న గడి కింద రిజర్వాయరు, కాలువ, చెరువు, బావి, బోరు అని వరసగా ఉండేవి. దొరికినదాన్ని కొలిచి, తూచి, ఉన్నచోటే వదిలేయాలి.

షాహనా తండ్రి మీరా హుస్సేన్ ఒకప్పుడు బోర్లకు పాయింట్లు పెట్టేవాడు. మిగతావాళ్లు అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని, వేపపుల్ల పట్టుకుని చూసేవాళ్లు. ఆయన మాత్రం వట్టి కాళ్లతో చేనంతా నడిచి, ఒకచోట ఆగి, "ఈడ" అనేవాడు. ఆయన ఆగినచోట జల పడేది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచీ షాహనా ఆయన వెనకాల సున్నం డబ్బా పట్టుకుని తిరిగింది. ఆయన ఆగినచోట ముగ్గు గుర్తు వేసేది ఆమే.

ఏడేళ్ల కింద, ఇట్లాంటి ఎండల్లోనే, ఆయన జిల్లేళ్లపల్లె నుంచి తువ్వపల్లె దాకా ఒకే జల పోతోందని ఏడుగురు రైతులకు ఏడు పాయింట్లు పెట్టాడు. ఏడుగురూ వేయించారు. ఆరు వందల అడుగులు పోయినా బూడిదరంగు దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఏడోవాడు తువ్వపల్లె ఓబులేసు. "మీరన్న కాలు తప్పదు" అని ఇంకా లోతుకు వేయించాడు, పక్కన ఇంకొకటి వేయించాడు. ఆఖరికి చీనీ బత్తాయి చెట్లు ఎండిపోయి, ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీకి మూటలు మోసే పనికి పోయాడు.

ఆ వారంలోనే మీరా హుస్సేన్ చెప్పులు తొడుక్కున్నాడు. అప్పటినుంచీ ఇంట్లో కూడా విప్పడు. నమాజుకు విప్పాల్సి వస్తే మందపాటి బొంత పరుచుకుని దాని మీదే నిలబడతాడు. నేల తగలకూడదు. గడప దాటడు. తాతలనాటి దూదిపని మళ్లీ పట్టుకుని, నడవలో కూచుని పరుపులూ దిండ్లూ కుడతాడు. కూతురు ఇంట్లో నిలవలేదు, తండ్రి ఇల్లు కదలలేడు. అట్లా ఏడేళ్లు గడిచాయి.

ఆ ఏడు కార్తె పెట్టిన రెండో రోజు జిల్లేళ్లపల్లె నుంచి వెంకటేశ్వరమ్మ అనే రైతు ఫోన్ చేసింది.

"మా చేన్లో ఫెయిలైన బోరుండాది. మూతరాయి మీద చెంబు పెడితే చెంబు ఊగతాంది. రాయి తీసి చూస్తే చేప తల. పచ్చ దారముండాది. నీ నంబరే గదా."

షాహనా పోయింది. కేసింగు పైపు నోటిదాకా నీళ్లు, నీళ్లలో రోహు తల, ఊపిరి పీలుస్తూ. దారం మీద అంకె 417. జనవరిలో రిజర్వాయరులో టాగు వేసిందే, రెండు కిలోల ఆరు వందలు ఉండింది. ఇప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు. రాసుకుంది. చేపను పైపులోకి వదిలితే తల కిందికి పెట్టి వెళ్లిపోయింది. లేచి నిలబడి చుట్టూ చూస్తే చోటు గుర్తొచ్చింది. ఆ ఏడింటిలో ఇది మొదటి పాయింటు. అక్కడ తన చేత్తోనే ముగ్గు వేసింది.

మూడు రోజులకు రెండో పాయింటు రైతు ఫోన్ చేశాడు. ఇంకో మూడు రోజులకు మూడో పాయింటు. అదే చేప. అది వచ్చిపోయిన బోర్లలో నీళ్లు మాత్రం దిగలేదు. వెంకటేశ్వరమ్మ మోటారు దించి వేరుశనక్కాయకు దుక్కి తడిపింది.

నాలుగోది కూడా రాసుకుని వచ్చిన సాయంత్రం షాహనా తండ్రి ఎదురుగా నిలబడింది. కూచోలేక.

"నాయనా, నీ పాయింట్లల్లో నీళ్లొచ్చినాయి. వరసగా నాలుగు."

ఆయన సూది ఆపలేదు. "ఎంత లోతులో?"

"కేసింగు నోటికాడికి."

సూది ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. ఆ రోజు కుట్టిన దిండును ఆయన మర్నాడు పొద్దున మొత్తం విప్పి మళ్లీ కుట్టాడు.

అయిదో పాయింటు దగ్గర చేప గురువారం దొరికింది. అక్కడికి చూడటానికి వచ్చిన వెంకటేశ్వరమ్మే ఆ మాట చెప్పింది. "ఓబులేసు చేను అమ్మేస్తాండాడంట పాపా. హైదరాబాదు ఆయనెవరో కొంటాండాడు. సోమవారం మైదుకూర్లో రిజిస్ట్రేషను."

బండి మీద ఇంటికి వస్తూ షాహనా లెక్క వేసింది. మూడు రోజులకొక పాయింటు. ఆరోది ఆదివారమో సోమవారమో. ఏడోది బుధవారమో గురువారమో. రెండుమూడు రోజులు ఆలస్యం. ఎన్నిసార్లు వేసినా లెక్క అంతే వచ్చింది.

ఇంటికి చేరకముందే యామిని మేడం ఫోన్ చేసింది. కర్నూలు మనిషి, మాట మెత్తన, పని గట్టిది.

"షాహనా, నీ ఫారాలు చూశాను. ఆరు వందల చేపల్లో ఇంత దూరం పోయింది ఇదొక్కటే. మన రిజర్వాయర్లో రోహు గుడ్లు పెట్టదు, ప్రతి ఏడూ పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. ఇది ఎక్కడికి పోతోందో, ఏ నీళ్లలో తిరిగిందో దాని తల లోపల ఉండే చెవిరాయిలో ఉంటుంది. ఈసారి కనపడితే వదలొద్దు. ఐసులో పెట్టి తీసుకురా."

"చంపాలి గదా మేడం."

"చంపకుండా చెవిరాయి రాదు. నెలాఖరుకి ప్రాజెక్టు అయిపోతుంది. ఇది ఉంటే ఇంకో రెండేళ్లు అడగొచ్చు. నీ ఉద్యోగం కూడా దాంతోనే, ఆలోచించు."

షాహనా శుక్రవారం ఐసు డబ్బా కొనింది. శనివారం దాన్ని బండికి కట్టుకునే ఎర్రగుంట్ల పోయింది.

ఫ్యాక్టరీ లోడింగు షెడ్డులో దుమ్ముకు మనుషులందరూ ఒకే రంగులో ఉన్నారు. మూడో లారీ దగ్గర ఓబులేసును గుర్తుపట్టింది. యాభై అయిదేళ్ల మనిషి, రెప్పవెంట్రుకల మీద కూడా సిమెంటు. మూట దించి ఆమె వైపు చూశాడు.

"మీరన్న కూతురివి గదా నువ్వు."

"అవును చిన్నాయనా. ఒక మాట చెప్పి పోదామని వచ్చినా. సోమవారం సంతకం పెట్టొద్దు. నాలుగు రోజులు ఆగు. నీ బోర్లో నీళ్లొస్తాయి."

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "జిల్లేళ్లపల్లెలో వచ్చినాయని ఇన్యా. నా దాంట్లో వస్తాయని ఎవరు చెప్తాండారు? నువ్వా, చేపా?"

"వరసగా వస్తాండాది చిన్నాయనా. అయిదు అయినాయి."

"ఏడేండ్ల కింద కూడా వరసగానే చెప్పినారు." ఆయన గొంతు పెంచలేదు. "ఒకసారి నమ్మితి. రెండోసారి నమ్మే బలం నాకు ల్యా. కొనేటాయన మంచోడు, సోమవారం తప్పితే మళ్ల రానన్యాడు. అంత గట్టిగా ఉంటే మీ నాయన్ను రమ్మను. వచ్చి నా చేన్లో, నా కయ్యలో నిలబడమను. నీళ్లు చెప్పినోడు ఫెయిలైనాంక ఒక్కసారన్నా వచ్చి చూసినాడా?"

పక్క లారీ హారను కొట్టింది. ఆయన ఇంకో మూట ఎత్తుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు తండ్రికి చెప్పింది. దాచిపెట్టి మెత్తగా చెప్పే ఓపిక ఆమెకు లేదు. మీరా హుస్సేన్ విన్నాడు. "నిజమే. పోలా నేను" అన్నాడు. అంతే.

ఆదివారం ఫోన్ రాలేదు. షాహనా బండి కడిగింది, ఫారాలు కట్ట కట్టింది, మళ్లీ బండి కడిగింది. సోమవారం పొద్దున ఆరు కాకముందే ఫోన్ మోగింది. ఆరో పాయింటు రైతు బసవన్న. "వచ్చింది తల్లీ, బేగి రా" అన్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి మీరా హుస్సేన్ బండి పక్కన నిలబడి ఉన్నాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులతో. ఏడేళ్లలో ఆయన గడప దాటడం అదే మొదలు. షాహనా బండి స్టార్టు చేసింది.

బసవన్న చీనీ తోటలో మోళ్లు మాత్రమే మిగిలాయి. వాటి మధ్య బోరు. షాహనా చేపను రెండు చేతులతో తీసి తడిగుడ్డ మీద పెట్టి తూచింది. మూడు కిలోల నాలుగు వందలు. పొట్ట ఉబ్బి మెత్తగా ఉంది. గుడ్లతో నిండు మీద ఉంది. బండి మీద ఐసు డబ్బా తెరిచే ఉంది. కత్తి సంచిలో ఉంది.

"ఆ డబ్బా ఏంటికి?" అన్నాడు తండ్రి.

చెప్పింది. చెవిరాయి సంగతి, మేడం మాట, నెలాఖరు సంగతి. చెపుతూ ఉండగా చేప గుడ్డలో ఒకసారి తోక కొట్టింది.

మీరా హుస్సేన్ తోట గెనెం గట్టు మీద కూచున్నాడు. కుడి చెప్పు తీశాడు, ఎడమ చెప్పు తీశాడు. ఎండ చూడని పాదాలు పసిబిడ్డ కాళ్లలాగా తెల్లగా, మెత్తగా ఉన్నాయి. వాటిని మట్టి మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అట్లే ఉన్నాడు. బసవన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అదే జల" అన్నాడు మీరా హుస్సేన్. "నేను తప్పుగా చూల్యా. అది రాకముందే చూసినా."

షాహనా చేతుల్లో చేప బరువుగా ఉంది. రెండేళ్ల ఉద్యోగం అంత బరువు. మేడం చెడ్డ మనిషి కాదు, అడిగింది అన్యాయమూ కాదు. ఆమె పైపు దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూచుని, చేప తలను కిందికి తిప్పి, వేళ్లు వదిలింది. నీళ్లు ఒకసారి ఉబ్బి సర్దుకున్నాయి.

"గురువారానికి ఆడికి చేరతాది. అప్పటికి ఓబులేసు చిన్నాయన సంతకం అయిపోయుంటాది" అంది.

"ఒంటిగా పోతే అంతే పడతాది" అన్నాడు తండ్రి. "పైన తోడు నడిస్తే బేగి పోతాది." లేచి, తువ్వపల్లె వైపు మొహం పెట్టి నడవడం మొదలుపెట్టాడు.

చెప్పులు గెనెం మీదే ఉండిపోయాయి. షాహనా వాటిని తెచ్చి ఇవ్వబోతే వద్దన్నాడు. "అవి తొడిగితే దారి తప్పుతా."

ఆమె బండి తోసుకుంటూ వెనక నడిచింది. నడక దారిన ఆరు మైళ్లు. ఆయన దారుల వెంట పోలేదు, చేలకు అడ్డం పడి పోయాడు. ఒకచోట గబగబా, ఒకచోట మెల్లగా. వంక దగ్గర ఇసుక కాలుతోంది. ఆయన అడుగుల వెనకాల ఇసుకలో ఎర్రటి మరకలు పడటం షాహనా చూసింది. మేకలు కాసే ఒక ముసలామె ఆయన నడకను చూసి, ఏమీ అడగకుండా మేకలను పక్కకు తోలింది. "పోనీ, పోనీ. గుడ్ల మీదుండాదేమో" అని మేకలకే చెప్పింది.

కడప కర్నూలు రోడ్డు అడ్డం వచ్చింది. ఆయన రోడ్డు మధ్యకు పోయి ఆగిపోయాడు. అటునుంచి సిమెంటు లారీ వచ్చి నిలిచింది. డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"ఏందప్పా?"

"చేప ఆగింది" అంది షాహనా.

"కింద కల్వర్టు రాళ్లుంటాయిలే. తిరిగిపోవాల అది" అని డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించుకున్నాడు. వెనక ఇంకో రెండు బండ్లు ఆగాయి. ఎవరూ హారను కొట్టలేదు. బీడీ సగం అయ్యేసరికి మీరా హుస్సేన్ కాలు ఎడమకు తిరిగింది. షాహనా మాత్రం ఆ కాసేపట్లో ఫోన్లో టైము పదిసార్లు చూసుకుంది. పదీ నలభై. పదకొండుకు రిజిస్ట్రేషను ఆఫీసు తెరుస్తారు.

తువ్వపల్లె చేన్లో ఓబులేసు భార్య రామలక్ష్మమ్మ బోరు మూతరాయి మీద కూచుని ఉంది. చేను ఆయన పేరు మీదే ఉంది కాబట్టి ఆమె సంతకంతో పని లేదు. ఇంట్లో ఉండబుద్ధి కాక వచ్చి కూచుంది. ఎదురుగా వచ్చి నిలబడిన మనిషి మొహం, తర్వాత కాళ్లు చూసింది.

"ఏంటికొచ్చినావు మీరన్నా, ఇప్పుడు."

"నిలబడేదానికి. వచ్చి నిలబడమన్యాడంట ఓబులేసు."

ఆమె లేచి రాయికి ఒక పక్క చేయి వేసింది. ఇంకో పక్క షాహనా పట్టింది. రాయి దొర్లింది. పైపులో చీకటి. నీళ్ల వాసన కూడా లేదు. షాహనా చిన్న గులకరాయి వేసి చెవి పెట్టింది. రాయి గోడలకు తగులుతూ పోయింది, పోయింది, చప్పుడు ఆగిపోయింది. కింద ఏమీ లేదు.

"ఏమైంది నాయనా?"

"వస్తాండాది." ఆయన పైపు పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. "చీనీ చెట్ల కాడ తిరుగుతాండాది. ఏదో పని మీదుండాది అది."

షాహనా బోరు చుట్టూ తిరిగింది. ఒకసారి, రెండుసార్లు, ఏడుసార్లు. రామలక్ష్మమ్మ కొంగులోంచి ఫోన్ తీసి మొగుడికి కలిపింది. అవతల ఆఫీసు రొద వినపడింది.

"ఏం చేస్తాండావు?"

"నా పేరు పిలిచినారు. సంతకాలైనాయి. వేలిముద్ర పెట్టేది మిగిలింది" అన్నాడు ఓబులేసు. "ఏంటికి?"

"ఆగు."

"ఏంటికి ఆగాల, చెప్పు. మనుషులు నిలబడుకొని ఉండారు."

ఆమె మీరా హుస్సేన్ వైపు చూసింది. ఆయన కళ్లు తెరవకుండానే అన్నాడు, "నేను నిలబడినానని చెప్పు."

"మీరన్న వచ్చినాడు. మన కయ్యలో నిలబడినాడు. వట్టి కాళ్లతో నడిచొచ్చినాడు, కాళ్లు పగిలి నెత్తురు కారతాండాది."

అవతల ఆఫీసులో వెనక ఎవరో "పెద్దాయనా, వేలు పెట్టండి" అంటున్నారు. "నీళ్లొచ్చినాయా?" అన్నాడు ఓబులేసు.

రామలక్ష్మమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "రాలా" అంది.

ఆ తర్వాతది ఆమే అందరికీ చెప్పింది. ముందు అరికాళ్ల కింద మట్టి చల్లబడిందట. ఆ తర్వాత పైపులోంచి గాలి వచ్చింది, తడిగాలి, చాలాకాలం మూసిపెట్టిన గది తలుపు తెరిచినట్టు. దాని వెనక చప్పుడు. లోతులో మొదలై, పైపు గోడలు పట్టుకుని పైకి ఎక్కుతున్న చప్పుడు. ఆమె ఫోన్‌ను పైపు నోట్లోకి దించి పట్టుకుంది.

మైదుకూరు ఆఫీసులో ఓబులేసు ఒక చెవి మూసుకుని ఇంకో చెవితో ఆ చప్పుడు విన్నాడు. ఎంతసేపు విన్నాడో ఆయనకే తెలీదు. వేలిముద్ర మిషను మీద ఎర్రలైటు వెలుగుతోంది. దాని మీదికి చాపిన వేలును ఆయన వెనక్కి తీసి, చేతిని జేబులో పెట్టుకున్నాడు. కొనేటాయన ఏదో అన్నాడు, ఏజెంటు ఏదో అన్నాడు. "నా వల్ల గాదప్పా" అని ఓబులేసు మెట్లు దిగాడు.

షేరింగు ఆటో దిగి ఆయన చేనికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. రిజిస్ట్రేషనుకని వేసుకున్న తెల్లచొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. రామలక్ష్మమ్మ తన కొంగు చింపి మీరా హుస్సేన్ కాళ్లకు కట్టు కడుతోంది. ఓబులేసు ముందు బోరు దగ్గరికే పోయాడు. నోటిదాకా నీళ్లు. నీళ్లలో చేప తల, పసుపుపచ్చ దారం. చాలాసేపు వంగి చూశాడు.

తర్వాత వచ్చి మీరా హుస్సేన్ పక్కన గెనెం మీద కూచున్నాడు. మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలి.

"ఒకసారి నీ ఇంటి మీదికి రాయి ఎయ్యాలని మైదుకూరు దాకా వచ్చినా మీరన్నా. సందు చివర నిలబడి ఎనక్కి పోయినా."

"ఎయ్యాల్సింది. నిద్ర పట్టేది నాకు."

ఇద్దరూ చేను వైపు చూస్తూ కూచున్నారు.

"ఎన్నాళ్లుంటాయి ఈ నీళ్లు?" అన్నాడు ఓబులేసు.

"తెలీదప్పా. ఉండేది చెప్తా గాని, ఎన్నాళ్లుంటాదో ఎప్పుడూ చెప్పలా నేను. అప్పుడు నువ్వు అడగలా."

షాహనా అప్పటికి చేపను తీసి కాటాకు తగిలించింది. అంకె చూసి, కాటా తప్పు చూపిస్తోందనుకుని విప్పి మళ్లీ తగిలించింది. రెండు కిలోల ఏడు వందలు. పొద్దున మూడు కిలోల నాలుగు వందలు ఉన్న చేప. పొట్ట మీద వేలు పెట్టి చూస్తే వదులుగా, సంచిలాగా ఉంది. ఏడేళ్లలో మొదటిసారి ఆమె ఒకచోట కదలకుండా నిలబడింది.

"ఏమైంది పాపా?" అంది రామలక్ష్మమ్మ.

"గుడ్లు పెట్టింది చిన్నమ్మా. దావలో. ఇదిగో ఈ చీనీ చెట్ల కిందే ఎక్కడో." ఆమె మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు చెప్పింది. "ఈ జాతి నిలవ నీళ్లల్లో గుడ్లు పెట్టదు. చెరువులో పెట్టదు, రిజర్వాయర్లో పెట్టదు. పారే నీళ్లుండాల. ఏరుండాల."

ఓబులేసు చెప్పులు పక్కకు తోసి, తన పాదం కూడా మట్టి మీద పెట్టి చూశాడు. ఆయనకేమీ తెలియలేదు. అయినా తీయలేదు.

షాహనా చేపను ఆయనకే అందించింది. ఏడేళ్లు సిమెంటు మూటలు మోసిన చేతులు దాన్ని తేలికగా, భయంగా పట్టుకుని పైపులోకి దించాయి. తోక కనపడకుండా పోయేదాకా ఆయన వంగే ఉన్నాడు.

గట్టు ఎక్కి షాహనా యామిని మేడంకు ఫోన్ చేసింది. ఆరో పాయింటు దగ్గర చేప దొరికిందనీ, కావాలనే వదిలేశాననీ ముందు చెప్పింది. మిగతాది తర్వాత చెప్పింది.

"ఎన్నిసార్లు తూచావు?" అంది మేడం ఆఖరికి.

"రెండుసార్లు. రెండుసార్లూ అంతే."

"పొద్దుటి బరువు, మధ్యాహ్నం బరువు, రెండు చోట్ల కొలతలు, టైములు. అన్నీ రాసి ఈరోజే పంపు." అవతల ఏదో కాగితం తిప్పిన చప్పుడు. "చెప్పింది చేయలేదు నువ్వు. నెలాఖరు తర్వాత సంగతి నేనేమీ చెప్పలేను. కానీ ఆ ఏటికి ఒక పేరు పెట్టాలి ఫారంలో. ఏం పేరో కనుక్కో."

ఏటికి పేరు లేదు. షాహనా గట్టు దిగి తండ్రిని అడిగింది, ఓబులేసును అడిగింది. తెలీదన్నారు. ఆ గడి ఖాళీగానే పంపింది.

మంగళవారం పొద్దున ఎర్రగుంట్ల లోడింగు షెడ్డులో మేస్త్రీ హాజరు పట్టీ తీసి వరసగా పేర్లు పిలిచాడు. ఓబులేసు పేరు రెండుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మూడోసారి పిలవకుండా పేజీ తిప్పాడు.